కవర్ మార్చాలా? చోడిపిండికి సరే, జీడిపప్పుకి కాస్త ఆగండి

పలాస పక్కన కాశీబుగ్గలో మా ప్యాకింగ్ షెడ్డుకి రెండు సందుల అవతల పాత సామాన్ల కొట్టు ఒకటుంది. పోయిన వానాకాలంలో సీలు సరిగా పడని కవర్లు, ప్రింటు తప్పిన కవర్లు కలిపి రెండు గోనెసంచులు పోగయ్యాయి. అమ్మితే ఎంతో కొంత వస్తుంది కదా అని బండి మీద వేసుకెళ్లాను. కొట్టాయన సంచి విప్పి, ఒక కవర్ తీసి, నలిపి చూసి, "ఇదెవరూ కొనరు బాబూ" అని సంచి నా వైపే తోసేశాడు. ఆయన పక్కనే కడిగి ఆరబెట్టిన పాల కవర్లు కట్టలు కట్టి ఉన్నాయి. వాటికి కిలో లెక్కన డబ్బులిస్తాడు.

"అవీ ప్లాస్టిక్కే, ఇవీ ప్లాస్టిక్కే. తేడా ఏటి?" అన్నాను.

"అదంతా ఒకటే రకం. మీది రెండు రకాలు అంటించింది. కరిగిస్తే కలవదు."

కవర్ల సప్లయర్ నాకు అరగంట ఫోన్లో చెప్పి కూడా అర్థం చేయించలేని సంగతి ఆయన మూడు ముక్కల్లో చెప్పేశాడు. అప్పటి నుంచి మా షెడ్డులోనూ, విజయనగరంలో మా వదిన నడిపే జంతికల యూనిట్‌లోనూ ఒక్కో సరుకుకీ కవర్ మారుస్తూ వచ్చాం. కొన్ని మార్చాం, కొన్ని మార్చి వెనక్కి వచ్చాం, ఒకటి ఇంకా తేలలేదు. పప్పులు, చోడిపిండి (రాగిపిండి), మురీలు (మరమరాలు), చింతపండు, జీడిపప్పు లాంటి పొడి సరుకులు ప్యాక్ చేసే చిన్న యూనిట్లకి, మహిళా సంఘాలకి పనికొస్తుందని రాస్తున్నాను. నెలకి టన్నుల కొద్దీ ఫిల్మ్ వాడే పెద్ద కంపెనీల లెక్క వేరు.

ముందు చేతిలో ఉన్నదేమిటో చూసుకోండి

బజార్లో మనం "జిప్ పౌచ్" అని కొనే తళతళలాడే పారదర్శక కవర్ చాలావరకు రెండు పొరలది. బయట 12 మైక్రాన్ల పెట్, అంటే నీళ్ల బాటిల్ చేసే ప్లాస్టిక్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). లోపల పాలిథిన్. మధ్యలో జిగురు. పెట్ కరగాలంటే 250 డిగ్రీలు దాటాలి, పాలిథిన్ 105 నుంచి 130 డిగ్రీల మధ్యే కరిగిపోతుంది. రెండిటినీ ఒకే మెషిన్లో వేస్తే పాలిథిన్ కరిగే వేడికి పెట్ కరగదు. విడదీద్దామంటే జిగురు ఊడదు. వ్యాక్యూమ్ ప్యాకింగ్ కవర్‌లో పెట్ బదులు నైలాన్ ఉంటుంది, కథ మాత్రం అదే. వెండి రంగు కవర్లలో మధ్యలో అల్యూమినియం పూసిన మరో పొర అదనం.

మళ్లీ కరిగించి వాడుకోదగ్గ ఫిల్మ్ అంటే ఇందుకు పూర్తిగా వేరే వస్తువేమీ కాదు. పొరలు రెండో మూడో ఉండొచ్చు, అన్నీ ఒకే కుటుంబానివై ఉండాలి. మనకి దొరికేవి రెండు కుటుంబాలు. ఒకటి అంతా పాలిథిన్: లోపల మామూలు పాలిథిన్, బయట సాగదీసి గట్టిపరిచిన పాలిథిన్. రెండోది అంతా పీపీ, అంటే పాలీప్రొపిలీన్: బయట బీఓపీపీ (రెండు దిక్కులా సాగదీసిన పీపీ), లోపల సీల్ అయ్యే సీపీపీ (సాగదీయని పీపీ). కవర్ అడుగున త్రికోణంలో 4 అని ఉంటే ఎల్‌డీ (తక్కువ సాంద్రత) పాలిథిన్, 2 అంటే హెచ్‌డీ (ఎక్కువ సాంద్రత) పాలిథిన్, 5 అంటే పీపీ, 7 అంటే మిగతావీ, కలగాపులగమూ. ఆ త్రికోణం ఏ ప్లాస్టిక్కో చెప్పే గుర్తే తప్ప, ఎవరో పరీక్ష చేసి ఇచ్చిన సర్టిఫికెట్ కాదు. దాన్ని చూపించి "సర్, ఇది రీసైక్లబుల్" అనే సేల్స్‌మన్ దగ్గర కాస్త నిలబడి ఆలోచించండి.

ఇంకో తికమక ఉంది. మళ్లీ కరిగించి వాడుకోదగ్గ ప్లాస్టిక్ వేరు, పాత ప్లాస్టిక్‌ని కరిగించి చేసిన ప్లాస్టిక్ వేరు. నేను చెప్తున్నది మొదటిది. అది కొత్త ప్లాస్టిక్ గింజలతోనే చేస్తారు, తిండి ప్యాకింగ్‌కి పనికొస్తుంది. పాతది కరిగించి చేసిన నల్లటి, బూడిదరంగు కవర్లలో తిండి వస్తువులు పోయకూడదు. చవగ్గా వస్తోందని ఎవరైనా అంటగట్టబోతే వద్దనండి.

కవర్‌తో ఏం పని పడుతుంది?

మన జిల్లాలకి సముద్రం పక్కనే ఉంది. శ్రీకాకుళం జిల్లా తీరమే 190 కిలోమీటర్ల పైచిలుకు. జూన్ నుంచి నవంబర్ దాకా గాల్లో తేమ ఎలా ఉంటుందో ఉప్పు డబ్బా మూత తీస్తే తెలుస్తుంది. కాబట్టి మనకి మొదటి శత్రువు తేమ. రెండోది గాలి, అంటే అందులోని ఆక్సిజన్. నూనె ఉన్న ప్రతిదాన్నీ అది ముక్కవాసన పట్టిస్తుంది. మూడోది పురుగు.

ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటి. తేమని ఆపడంలో ఖరీదైన పెట్ కంటే మామూలు పీపీయే మేలు. 20 మైక్రాన్ల బీఓపీపీ గుండా పోయే నీటి ఆవిరితో పోలిస్తే 12 మైక్రాన్ల పెట్ గుండా పోయేది అయిదారు రెట్లు. మన పాత పౌచ్ తేమని ఆపుతున్నదంటే, ఆ పని చేస్తున్నది పైన మెరిసే పెట్ కాదు, లోపలి పాలిథిన్. ఆక్సిజన్ దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. పెట్ ఒక మాదిరిగా ఆపుతుంది. పీపీ గుండా దానికి పదింతలకి పైగా ఆక్సిజన్ దూరుతుంది, పాలిథిన్ ఇంకా అధ్వాన్నం.

అందుకే "ఏ కవర్ మంచిది?" అని అడిగితే జవాబు ఉండదు. "నా సరుకు మెత్తబడి పాడవుతుందా, ముక్కి పాడవుతుందా?" అని అడగాలి. మెత్తబడేదైతే ఒకే రకం ప్లాస్టిక్‌కి నిశ్చింతగా మారొచ్చు. ముక్కేదైతే జాగ్రత్త.

సరుకు సరుకుకీ లెక్క

కందిపప్పు, ఉలవలు, మినుములు, బియ్యం: ఇవి అసలు ఆలోచించాల్సినవే కావు. వీటికి పెట్ పౌచ్ ఎందుకు మొదలుపెట్టామో కూడా గుర్తులేదు, పక్కవాడు పెట్టాడని పెట్టి ఉంటాం. మంచి మందం ఉన్న పాలిథిన్ కవర్ చాలు. కిలో, రెండు కిలోలైతే పాలిథిన్ పీపీ కంటే మంచిది. ఆటోలో పడేసినా సాగుతుంది కానీ చిరగదు. పీపీ గట్టిగా ఉంటుంది గానీ ఒక చోట చిట్లిందంటే ఆ చివర దాకా పోతుంది.

చోడిపిండి: సీతంపేట ఏజెన్సీ నుంచి చోళ్లు తెచ్చి ఆడించి అరకిలో, కిలో ప్యాకెట్లు కడతాం. పిండిలో నూనె తక్కువే, అయినా ఆడించాక రెండు మూడు నెలలకి చేదు వాసన మొదలవుతుంది. దాన్ని ఖరీదైన కవర్ ఆపుతుందనుకుని ఏడాదిపాటు పెట్ పౌచ్ వాడాం. పక్కపక్కన పెట్టి చూస్తే పెట్ పౌచ్‌లోదీ, పాలిథిన్ కవర్‌లోదీ ఇంచుమించు ఒకే వారంలో చేదెక్కాయి. తేడా తెచ్చింది కవర్ కాదు, చోళ్లు బాగా ఎండబెట్టి, వేయించి, చల్లారాక ఆడించడం. వేడి మీద పిండిని కవర్‌లో పోస్తే లోపల ఆవిరి పట్టి బూజు వస్తుంది, అప్పుడు ఏ ఫిల్మ్ అయినా ఒకటే. ఇప్పుడు చోడిపిండి మొత్తం పాలిథిన్‌లోనే.

పిండి కవర్లతో ఒక చిక్కుంది. సీల్ పడే చోట పిండి దుమ్ము అంటుకుంటే అక్కడ అతకదు. పాలిథిన్‌లో ఇది కొంత నయం, మెత్తగా కరిగి దుమ్ముని లోపలికి కలిపేసుకుంటుంది. సీపీపీకి అంత ఓర్పు లేదు. పిండికి నేను పీపీ వద్దనడానికి అసలు కారణం ఇదే.

పురుగు సంగతీ చెప్పాలి. పల్చటి పాలిథిన్‌ని కొన్ని పురుగులు కొరుకుతాయి, నిజమే. కానీ మాకు వెనక్కి వచ్చిన ప్యాకెట్లన్నీ తెరిచి చూస్తే, బయట నుంచి కన్నం పడ్డవి ఒకటో రెండో. మిగతావాటిలో పురుగు సీలు సందులోంచి దూరింది, లేదా గుడ్డు రూపంలో సరుకుతోనే లోపలికి వచ్చింది. గిడ్డంగి శుభ్రం చేయకుండా మైక్రాన్లు పెంచుకుంటూ పోతే లాభం లేదు.

మురీలు, అటుకులు: వీటికి పీపీ కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. మురీలు మెత్తబడి పాడవుతాయి, పీపీ తేమని ఆపుతుంది. పైగా కవర్ కరకరమని చప్పుడు చేస్తే లోపలిదీ కరకరలాడుతుందని కొనేవాళ్లకి ఒక నమ్మకం. పాలిథిన్ కవర్‌లో పెట్టిన అవే మురీలని షాపులో వేళ్లతో నొక్కి "మెత్తబడ్డాయేమో" అని పక్కన పెట్టేశారు. ఒకే రోజు వేయించినవి అవి! దీనికి నా దగ్గర సమాధానం లేదు, పీపీకి మారిపోయాను.

చింతపండు: గింజ తీసినదైనా, తీయకుండా ఉంచినదైనా పాలిథిన్. ఇది పొడి సరుకు అని చెప్పడానికి నాకే మొహమాటం, సగం తడి. పులుపు పాలిథిన్‌ని ఏమీ చేయదు. లోపల అల్యూమినియం రేకు ఉన్న కవర్‌లో పెడితే మాత్రం ఎక్కడ చిన్న గీత పడినా పులుపు రేకుని తినేస్తుంది.

జంతికలు, చేగోడీలు, కారప్పూస: ఇక్కడి నుంచి కష్టం మొదలు. వదిన ఇదివరకు వాడింది పెట్, అల్యూమినియం పూసిన పెట్, పాలిథిన్ అనే మూడు పొరల వెండి కవర్. నూనెలో వేగిన సరుకుకి తేమ, ఆక్సిజన్, వెలుతురు మూడూ పడవు. ఆమె మొదట మామూలు పారదర్శక బీఓపీపీ, సీపీపీ కవర్‌కి మారింది. కరకర పోలేదు గానీ నెలన్నర తిరిగేసరికి బొబ్బిలి షాపు నుంచి ఫోన్. పాత నూనె వాసన వస్తోందట. షాపువాళ్లు ప్యాకెట్లని వీధి వైపు ఎండ తగిలేలా వేలాడదీశారు, అదొకటి. ఆ లాట్ మొత్తం వెనక్కి తెప్పించుకుంది.

ఇప్పుడు ఆమె వాడేది బీఓపీపీ, అల్యూమినియం పూసిన బీఓపీపీ, సీపీపీ. పేర్లు మూడున్నా మూడూ పీపీయే. ఆ అల్యూమినియం పూత ఎంత పల్చనంటే మైక్రాన్‌లో కొన్ని నూరో వంతులు. రేకు కాదు, ఆవిరి పట్టించిన పూత. కరిగించే మెషిన్‌కి దానివల్ల పెద్ద అడ్డు ఉండదు, వచ్చే గింజలు మాత్రం బూడిదరంగుకి తిరుగుతాయి. అయితే పాత సామాన్ల కొట్టులో వెండి రంగు కనిపిస్తే చాలు, నలిపి కూడా చూడరు. కాగితం మీద ఇది రీసైకిల్ అయ్యే కవరే, మన వీధిలో ఇంకా కాదు. అయినా వదినకి నేను ఇదే చెప్పాను: రెండు వారాలు నిలవ పెట్టే స్థానిక అమ్మకానికి పారదర్శక పీపీ, మూడు నెలల గడువుతో బయట ఊళ్లకి పంపేదానికి పూత పూసిన పీపీ. సరుకు ముక్కిపోయి పారబోస్తే, ఆ నూనె, పిండి, గ్యాస్, కూలీ అన్నీ కవర్‌తో పాటు చెత్తలోకే కదా.

సీలింగ్ మెషిన్ దగ్గర మా అవస్థ

కవర్ మార్చాలనుకునేవాళ్లు అందరికంటే ముందు మాట్లాడవలసింది సప్లయర్‌తో కాదు, కవర్ మూతి అతికించే బ్యాండ్ సీలర్ మెషిన్ దగ్గర కూర్చునే మనిషితో.

పాత పౌచ్‌లో బయట పెట్, లోపల పాలిథిన్. బయటిది కరిగే వేడికీ లోపలిది కరిగే వేడికీ మధ్య నూరు డిగ్రీలకి పైగా తేడా ఉండేది. సీలర్ ఎంత వేడెక్కినా బయట పొర చెక్కుచెదరదు, లోపల అతుక్కుంటుంది. మెషిన్ మీద డిగ్రీల ముల్లు ఎక్కడుందో మావాళ్లు ఎన్నడూ చూడలేదు, చూడాల్సిన పనీ పడలేదు. అంతా పాలిథిన్ అయిన కవర్ వచ్చిన మొదటి రోజు పాత వేడి మీదే నడిపారు. బయటి పొర కూడా కరిగి బెల్టుకి అంటుకుంది. కవర్ లాగితే మూతి ముడుచుకుపోయింది. ఒక పూటలో నూట యాభై కవర్లు, ఒక టెఫ్లాన్ బెల్టు పోయాయి. అప్పుడు నాకు పట్టుకున్న టెన్షన్ ఇంకా గుర్తుంది, ఎందుకంటే సోంపేట ఆర్డర్ మర్నాడు పొద్దున్నే వెళ్లాలి.

వేడి తగ్గించి, బెల్టు వేగం తగ్గించి, కాస్త ఎక్కువసేపు నొక్కి ఉంచేలా చేస్తే దారికొచ్చింది. అయిదేసి డిగ్రీలు పెంచుకుంటూ, ప్రతి దశలో పది కవర్లు సీల్ చేసి, చేత్తో లాగి చూడండి. సీలు ఊడకుండా ఫిల్మే సాగితే అది మీ వేడి. ఆ అంకెని మెషిన్ మీద పెయింట్‌తో రాసేయండి. కరెంటు హెచ్చుతగ్గులున్న చోట ఈ సర్దుబాటు ఎంతసేపూ నిలవదు, స్టెబిలైజర్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. పీపీలో ఇంత గొడవ లేదు. బయటి బీఓపీపీ 160 డిగ్రీల దగ్గర కరిగితే లోపలి సీపీపీ అంతకంటే కాస్త ముందే అతుకుతుంది. సందు ఇరుకే గానీ పాలిథిన్‌కంటే ఊపిరాడుతుంది. చేత్తో నొక్కే హ్యాండ్ సీలర్ మాత్రమే ఉన్న సంఘాలు మొదట పీపీతోనో, మామూలు ఒంటి పొర కవర్‌తోనో మొదలుపెట్టడం మంచిది.

కిలో రేటు చూసి మోసపోకండి

ఫిల్మ్ కిలోల్లో కొంటాం, కవర్లు లెక్కన వాడతాం. ఒక్కో ప్లాస్టిక్ బరువు ఒక్కో రకం. పెట్ బరువైనది, ఘన సెంటీమీటరుకి 1.4 గ్రాములు. పాలిథిన్ 0.92, పీపీ 0.905. ఈ మూడు అంకెలు కాగితం మీద రాసి గోడకి అంటించుకోండి, సప్లయర్‌తో మాట్లాడేటప్పుడు పనికొస్తాయి.

15 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల పొడవున్న కవర్‌కి రెండు వైపులా కలిపి 600 చదరపు సెంటీమీటర్ల ఫిల్మ్ పడుతుంది. 12 మైక్రాన్ల పెట్, 50 మైక్రాన్ల పాలిథిన్ అయితే జిగురు వదిలేసి ఒక కవర్ 3.8 గ్రాములు తూగుతుంది, కిలోకి 265 కవర్లు. 20 మైక్రాన్ల బీఓపీపీ, 30 మైక్రాన్ల సీపీపీ అయితే 2.7 గ్రాములు, కిలోకి 368. అంతా పాలిథిన్ 75 మైక్రాన్లు అయితే 4.1 గ్రాములు, కిలోకి 241. అంటే పీపీ రేటు కిలో మీద మూడో వంతు ఎక్కువ చెప్పినా కవర్ లెక్కలో ఇంచుమించు సమానమే. పాలిథిన్ రేటు తక్కువ చెప్పినా, గట్టిదనం కోసం మందం పెంచుతారు కాబట్టి తేడా కరిగిపోతుంది. మా బజార్లో కొందరు ఇప్పటికీ గేజ్‌లో చెప్తారు. 100 గేజ్ అంటే 25 మైక్రాన్ల చిల్లర, 200 గేజ్ అంటే 50 మైక్రాన్లు.

ప్రింటు ఖర్చు మరో సంగతి. రంగుకో ప్రింటింగ్ సిలిండర్ చేయించిన పాత డిజైన్ ఉంటే, కొత్త ఫిల్మ్ మీద అదే సిలిండర్ నడుస్తుందో లేదో ముందే అడగండి. పాలిథిన్ సాగుతుంది, రంగు మీద రంగు సరిగ్గా కూర్చోదు. మా కవర్ మీద చోడి కంకి బొమ్మకి రెండు అంచులు కనిపిస్తున్నాయి, బాగానే ఉందిలే అనుకుని వదిలేశాం. చిన్న యూనిట్లకి సాదా కవర్ మీద స్టిక్కరే నయం. అయితే కాగితం స్టిక్కర్ గట్టి జిగురుతో అంటిస్తే, రీసైకిల్ చేసేవాడికి మళ్లీ తలనొప్పి. అదే ప్లాస్టిక్‌తో చేసిన స్టిక్కర్ దొరుకుతుంది, అడగండి. జిప్ కూడా కవర్ కుటుంబానిదే ఉండాలి: పాలిథిన్ కవర్‌కి పాలిథిన్ జిప్, పీపీకి పీపీ జిప్. పీవీసీ ష్రింక్ లేబుల్ జోలికి మాత్రం అసలు పోవద్దు. కొద్దిపాటి పీవీసీ కలిసినా మిగతా ప్లాస్టిక్ అంతా చెడుతుంది.

కాగితం కవరు, కంపోస్ట్ కవరు

ఎగ్జిబిషన్లలో ఖాకీ కాగితం పౌచ్ చూసి అందరూ మురిసిపోతారు. నేనూ వంద తెచ్చాను. లోపల చేయి పెట్టి గీకితే ప్లాస్టిక్ పొర బయటపడింది. కాగితం మిల్లుకీ పనికిరాదు, ప్లాస్టిక్ వాడికీ పనికిరాదు. ఆ పొర లేని అసలు కాగితం సంచి మన తేమకి రెండు రోజులు ఆగదు, రోజువారీ అమ్మే పప్పులకైతే సరే.

కంపోస్ట్ అయ్యే ప్లాస్టిక్‌కి మన దేశంలో ఐఎస్/ఐఎస్ఓ 17088 ప్రమాణం, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉండాలి. ఆ సర్టిఫికెట్ నంబరు అడిగితే సగం మంది సప్లయర్లు మాట మారుస్తారు. నంబరు ఉన్నవాళ్ల దగ్గర తీసుకున్నా, ఈ ఫిల్మ్‌లలో చాలావాటికి తేమని ఆపే శక్తి తక్కువ. పాల కవర్లలో కలిసిపోతే ఆ కట్ట మొత్తం చెడుతుంది. మనకి ఇప్పుడే అక్కర్లేదని నా ఉద్దేశం.

రూల్స్ ఏమంటున్నాయి

2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం, అంటించిన పొరలు కాని విడి షీటుతో చేసే ప్యాకింగ్ కవర్ మామూలుగా 50 మైక్రాన్లకి తగ్గకూడదు. ఒంటి పొర పాలిథిన్‌కి మారేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. 2022 ఫిబ్రవరిలో వచ్చిన ఈపీఆర్ మార్గదర్శకాలు (ప్యాకింగ్ వ్యర్థాలకి కంపెనీలదే బాధ్యత అనేవి) ప్యాకింగ్‌ని తరగతులుగా విడగొట్టాయి. పెట్, పాలిథిన్ కలిపి అంటించినదీ, అంతా పాలిథిన్ అయినదీ రెండూ రెండో తరగతిలోకే వస్తాయి. ప్లాస్టిక్‌తో పాటు రేకో, కాగితమో ఉంటే మూడో తరగతి. కాబట్టి కవర్ మారిస్తే ప్రభుత్వ లెక్కలో మన తరగతి మారిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. సూక్ష్మ, చిన్న పరిశ్రమల కిందికి వచ్చే బ్రాండ్ యజమానులకి, ఇంత ప్లాస్టిక్ రీసైకిల్ చేయించాలనే ఆ మార్గదర్శకాల లక్ష్యాల బరువు లేదు. 2025 ఏప్రిల్ నుంచి టర్నోవర్ 10 కోట్ల లోపు, పెట్టుబడి రెండున్నర కోట్ల లోపు ఉంటే సూక్ష్మ పరిశ్రమే. మనలో ఎక్కువమంది అందులోనే ఉంటాం. మనం సరుకిచ్చే పెద్ద బ్రాండ్లకి మాత్రం ఆ బరువు ఉంది, అందుకే వాళ్ల నుంచి "ఒకే రకం ప్లాస్టిక్‌లో ఇవ్వగలరా" అనే ప్రశ్న వస్తోంది.

సప్లయర్ దగ్గర తిండి వస్తువులకి పనికొస్తుందనే పరీక్ష రిపోర్టు తప్పకుండా తీసుకోండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లో కవర్‌లోంచి తిండిలోకి దిగే పదార్థానికి కిలోకి 60 మిల్లీగ్రాములనే హద్దు ఉంది. కవర్ మార్చాక సరుకు గడువు తగ్గితే లేబుల్ మీద ఆ తేదీ కూడా మార్చాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

బకెట్ పరీక్ష

ల్యాబ్‌కి పంపే ముందు ఇంట్లో చేసుకోగలిగింది ఒకటి. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ బకెట్ తీసుకోండి. అడుగున ఒక గిన్నెలో ఉప్పు కరగక మిగిలేంత చిక్కగా ఉప్పునీళ్లు పెట్టండి. ఆ బకెట్లో గాలి తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది, మన వానాకాలానికి సరిపోయే లెక్క. సరుకు నింపి సీల్ చేసిన పాత కవర్లు మూడు, కొత్త కవర్లు మూడు నీళ్లు తగలకుండా చిల్లుల పళ్లెం మీద పెట్టి, వారానికోసారి నగల తూకం మీద తూచి రాసుకోండి. ఏది ఎంత బరువెక్కిందో అంత తేమ తాగినట్టు. సీలు చూడాలంటే కవర్‌ని నీళ్లలో ముంచి నొక్కండి, బుడగ వస్తే దొరికిపోతుంది. ముక్కవాసనకి మాత్రం తూకం పనికిరాదు, ముక్కూ నాలుకే దిక్కు. మా షెడ్డులో ఆ పని మా అమ్మది.

ఇక జీడిపప్పు

పలాస అంటే జీడిపప్పు. ఉద్దానంలో 2018 అక్టోబరు తిత్లీ తుపానుకి తోటలు నేలకూలాక జీడిపిక్క (పెంకుతో ఉన్న గింజ) దొరకడమే కష్టమైంది. దొరికిన పప్పుని పాడు చేసుకునే స్థితిలో ఎవరూ లేరు. పప్పులో దగ్గర దగ్గర సగం కొవ్వే. తేమ 5 శాతం దాటకూడదు. అంటే ఇది మెత్తబడీ పాడవుతుంది, ముక్కీ పాడవుతుంది. పాత రోజుల్లో టోకు సరుకంతా 25 పౌన్లు, అంటే 11.34 కిలోలు పట్టే తగరపు డబ్బాల్లో గాలి తీసి గ్యాస్ నింపి పంపేవాళ్లు. ఇప్పటికీ కొందరు పంపుతున్నారు. ఆ డబ్బాని పాత సామాన్ల కొట్టాయన ఎదురొచ్చి తీసుకుంటాడు, చూడండి.

చిల్లర ప్యాకెట్‌కి వచ్చేసరికి నైలాన్, పాలిథిన్ వ్యాక్యూమ్ కవర్. నైలాన్ రెండు పనులు చేస్తుంది: ఆక్సిజన్‌ని ఆపుతుంది, గాలి లాగినప్పుడు పప్పు కొనలు గుచ్చుకున్నా చిల్లు పడనివ్వదు. దీనికి బదులుగా సప్లయర్లు చూపిస్తున్నది పాలిథిన్ పొరల మధ్య ఈవీఓహెచ్ అనే పల్చటి పొర ఉన్న కవర్. ఆ పొర మొత్తం బరువులో 5 శాతం లోపు ఉంటే పాలిథిన్ రీసైక్లింగ్‌లో మామూలుగా సర్దుకుపోతుంది. పొడిగా ఉన్నంతసేపు ఆక్సిజన్‌ని నైలాన్ కంటే బాగా ఆపుతుంది. తేమ పట్టిందా, ఆ శక్తి పడిపోతుంది. తేమకి ఉనికిపట్టు లాంటి మన తీరంలో నా అనుమానమంతా అక్కడే. రెండు వైపులా ఉన్న పాలిథిన్ దాన్ని ఎన్నాళ్లు పొడిగా ఉంచుతుందో చూడాలి.

జ్యేష్ఠంలో రెండు రకాల కవర్లలో 240 నంబరు సైజు గుండు జీడిపప్పు వంద గ్రాముల చొప్పున నింపి బకెట్లో పెట్టాను. వ్యాక్యూమ్ లాగిన కొత్త కవర్లు ఇరవైలో రెండిటికి గుచ్చుకుని గాలి దూరింది. గాలి తీయకుండా నైట్రోజన్ నింపినవి ఇరవైకి ఇరవై నిలిచాయి. మూడో నెలలో తెరిస్తే రుచిలో తేడా లేదని అమ్మ చెప్పింది. నాలుగో నెలది దీపావళి ముందు తెరుస్తాం. అది కూడా బాగుంటే వంద, రెండు వందల గ్రాముల ప్యాకెట్లు నైట్రోజన్‌తో కొత్త కవర్‌కి మారతాయి. ఇటుకల్లా ఉండే అరకిలో, కిలో వ్యాక్యూమ్ ప్యాకెట్లు మాత్రం నైలాన్‌లోనే ఉంటాయి, ఇంకో వానాకాలం చూసేదాకా.